క్రెడిట్ కార్డు రివార్డులు: 45,000 ఇంటి ఖర్చులో నిజంగా మిగిలేదెంత?

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 62,000 వస్తుంది, ఇంటి ఖర్చు 45,000. ఇన్నాళ్లూ అన్నిటికీ యూపీఐతోనే నెట్టుకొచ్చారు. ఆఫీసులో తోటివాళ్లు నాలుగేసి కార్డులు పెట్టుకుని, "ఖర్చు ఎలాగూ చేస్తాం కదా, పాయింట్లు ఊరికే వస్తాయి" అంటున్నారు. డాలస్‌లో ఉండే మీ బావగారు పాయింట్లతోనే ఇండియా టికెట్ కొనుక్కున్నానని చెప్పారు. పైగా కిందటేడు ఒక బ్యాంకు ఫోన్ చేసి మరీ ఇచ్చిన ప్రీమియం కార్డుకు వచ్చే నెల 2,999 ఫీజు పడబోతోంది. రివార్డుల్లో నిజంగా లాభం ఉందా, ఈ కార్డు ఉంచుకోవాలా తీసెయ్యాలా అన్నది మీ ప్రశ్న.

నేను ఒక బ్యాంకు కార్డుల విభాగంలో చాలాకాలం పనిచేశాను. జనం బిల్లులూ చూశాను, ఆ బిల్లుల వెనక బ్యాంకు వేసుకునే లెక్కలూ చూశాను. మీ ఖర్చుకు ఏడాదికి రెండు మూడు వేల రూపాయలు మిగులుతాయి. అది మీకు రావలసిన డబ్బే, తీసుకోండి. దానికి ఒక్క కార్డు చాలు. కానీ ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టాలి. ఈ షరతు ఏడాదిలో ఒక్కసారి తప్పినా ఆ లాభం అంతా పోయి, ఎదురు కట్టాల్సి వస్తుంది.

ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. దుకాణంలో వెయ్యి రూపాయలకు కార్డు గీకితే, దుకాణదారు చేతికి వెయ్యి రాదు. సుమారు 2 శాతం కోసుకుని మిగతాది ఇస్తారు. దీన్ని ఎండీఆర్ (మర్చంట్ డిస్కౌంట్ రేట్) అంటారు. అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది, కొంత మెషిన్ పెట్టిన బ్యాంకుకు, కొంత వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కుకు. మీ బ్యాంకు తనకు వచ్చినదాంట్లోంచి కొంత మీకు తిరిగి ఇస్తుంది. అదే రివార్డు. యూపీఐకీ, రూపే డెబిట్ కార్డులకూ 2020 జనవరి నుంచి ఎండీఆర్ లేదు. అందుకే ఖాతా నుంచి నేరుగా వెళ్లే యూపీఐ చెల్లింపులకు చెప్పుకోదగ్గ క్యాష్‌బ్యాక్ ఉండదు, స్క్రాచ్ కార్డులతో సరి. బ్యాంకుకు వచ్చేదే 2 శాతం లోపు అయినప్పుడు అన్ని ఖర్చుల మీదా మీకు 5 శాతం రావడం కుదరదు. ఎక్కడైనా 5 శాతం కనిపిస్తే, దానికి ఒక పరిమితో, ఒక్క వెబ్‌సైటుకే అనే షరతో, ఏడాది ఫీజో ఉంటుంది.

ఇప్పుడు మీ ఇంటి ఖర్చు చూద్దాం. మీరు పంపిన లెక్క ప్రకారం అద్దె 16,000, కిరాణా, కూరగాయలు, పాలు కలిపి 9,500, పిల్ల స్కూలు ఫీజు నెలకు సర్దితే 5,000, పెట్రోలు 2,500, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, ఫోన్లు 3,000, ఆన్‌లైన్ కొనుగోళ్లు, స్విగ్గీ, జొమాటో 5,000, ఎల్ఐసీ ప్రీమియం 2,500, చిల్లర ఖర్చులు 1,500.

అద్దెతో మొదలుపెడదాం. ఒకప్పుడు యాప్‌ల ద్వారా కార్డుతో అద్దె కట్టి జనం పాయింట్లు పోగేసేవారు. 2022 చివర్లో ఐసీఐసీఐ బ్యాంకు అద్దె చెల్లింపుల మీద 1 శాతం, ఎస్‌బీఐ కార్డ్ 99 రూపాయలు, ఆపైన జీఎస్టీ వేయడం మొదలుపెట్టాయి. తర్వాత మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి. ఇప్పుడు చాలా కార్డుల్లో అద్దెకు పాయింట్లే లేవు. కాబట్టి 16,000 పక్కన పెట్టండి. పెట్రోలుకూ పాయింట్లు ఉండవు. "1 శాతం ఫ్యూయల్ సర్‌చార్జ్ మాఫీ" అని గొప్పగా రాస్తారు గానీ, ఆ 1 శాతం సర్‌చార్జ్ కార్డు వాడినందుకు పడేదే. యూపీఐతో కొట్టిస్తే అసలు పడదు. పైగా మాఫీ అయ్యేది సర్‌చార్జే, దాని మీద పడిన జీఎస్టీ తిరిగి రాదు. పెట్రోలు బ్రాండుతో కలిసి ఇచ్చే కార్డుల సంగతి వేరు, నెలకు 2,500 పెట్రోలుకు వాటి జోలికి పోనక్కర్లేదు. స్కూలు ఫీజులు, ఇన్సూరెన్సు, ప్రభుత్వ చెల్లింపులు, వాలెట్‌లో డబ్బు వేయడం, కొన్ని కార్డుల్లో బంగారం, కరెంటు బిల్లులు కూడా రివార్డులు రాని జాబితాలో ఉంటాయి. ఈ జాబితా బ్రోషర్ మొదటి పేజీలో దొరకదు, నిబంధనల పత్రం చివర్లో వెతుక్కోవాలి. కార్డు ఎంచుకునేటప్పుడు ముందుగా చదవాల్సింది అదే. ఎంత శాతం ఇస్తారో తర్వాత చూసుకోవచ్చు.

పాలవాడు, కూరగాయల బండి, టిఫిన్ సెంటరు ఎలాగూ యూపీఐయే. సరుకుల్లో డీమార్ట్‌లోనో రత్నదీప్‌లోనో కొనేది ఒక 4,000 ఉంటుందనుకుందాం. అంటే 45,000లో రివార్డు వచ్చేది ఆన్‌లైన్ 5,000, సూపర్ మార్కెట్ 4,000, కార్డును బట్టి బిల్లుల 3,000. మొత్తం 12,000. మీ తోటివాళ్లు "ఖర్చు ఎలాగూ చేస్తాం" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది మొత్తం ఇంటి ఖర్చు. కార్డుకు లెక్కలోకి వచ్చేది అందులో నాలుగో వంతు.

ఆన్‌లైన్‌కు 5 శాతం, బయట 1 శాతం ఇచ్చే, 999 రూపాయల ఏడాది ఫీజున్న కార్డు తీసుకున్నారనుకోండి. ఆన్‌లైన్ మీద 250, సూపర్ మార్కెట్ మీద 40. బిల్లులకు ఇలాంటి కార్డులు సాధారణంగా ఏమీ ఇవ్వవు. నెలకు 290, ఏడాదికి 3,480. ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,179 పోతే మిగిలేది 2,301. "ఏడాదికి రెండు లక్షలు వాడితే ఫీజు మాఫీ" అంటారు, కానీ కార్డు మీద మీ ఖర్చు అంత ఉండదు. ఆ రెండు లక్షలు దాటించడానికి ఏడాది చివర్లో అవసరం లేని ఫోను కొనేవాళ్లను నేను చూస్తూనే వచ్చాను. 1,179 మాఫీ కోసం 20,000 ఖర్చు. అదే ఒక షాపింగ్ సైటుతో కలిసి బ్యాంకు ఇచ్చే, ఏ ఫీజూ లేని కోబ్రాండ్ కార్డు తీసుకుని, మీ ఆన్‌లైన్ కొనుగోళ్లలో సగం ఆ ఒక్క సైటులోనే అయి అక్కడ 5 శాతం, మిగతా అన్నిటి మీదా 1 శాతం వస్తే, నెలకు 220, ఏడాదికి 2,640. తక్కువ శాతం అనిపించే కార్డే మీకు ఎక్కువ మిగిల్చింది చూడండి. మీ స్థాయి ఖర్చుకు ఫీజు లేకపోవడమే అన్నిటికన్నా పెద్ద రివార్డు.

క్యాష్‌బ్యాక్ బదులు పాయింట్లు ఇచ్చే కార్డైతే ఇంకో చిక్కుంది. వంద రూపాయలకు 4 పాయింట్లు అని రాస్తారు. పాయింటు విలువ పావలా అయితే అది 1 శాతమే. విమాన టికెట్లకు వాడితే రూపాయి, బిల్లులో తగ్గించుకుంటే 20, 30 పైసలు మాత్రమే పలికే పాయింట్లూ ఉన్నాయి. ప్రతి 150 రూపాయలకు ఇన్ని పాయింట్లు అని ఇచ్చే చోట 290 బిల్లుకు 150కే వస్తాయి, మిగతా 140 పోయినట్టే. వాడుకోవడానికి రిడెంప్షన్ ఫీజు 99, మళ్లీ జీఎస్టీ. రెండు మూడేళ్లలో గడువు తీరిపోతాయి. అందుకని నెలనెలా బిల్లులో తనంతట తనే తగ్గే క్యాష్‌బ్యాక్ తీసుకోమంటాను. అందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు.

దుకాణంలో కూడా ఒకటి గమనించండి. మొబైల్ షాపులు, ఎలక్ట్రానిక్స్ దుకాణాలు, బంగారం కొట్లు, చిన్న ఆసుపత్రులు "కార్డైతే 2 శాతం ఎక్స్‌ట్రా సార్" అంటాయి. వాళ్లకు కోతపడే ఎండీఆర్‌ను మీ నెత్తిన వేస్తున్నారన్నమాట. మీకు వచ్చే 1 శాతం కోసం 2 శాతం ఇవ్వకండి, అక్కడ యూపీఐ చేసేయండి. 40,000 ఫ్రిజ్ మీద ఆ తేడా 400 రూపాయలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన వడ్డీ సంగతి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు, బాగా సంపాదించేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు.

కార్డు వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు 3.5 శాతం, 3.75 శాతం ఇలా ఉంటుంది. ఏడాదికి 42 నుంచి 45 శాతం. 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది గానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కాబట్టి ఆ పైపరిమితి ఇప్పుడు లేదు.

ఒక నెల ఇంట్లో పెళ్లో ఆసుపత్రి ఖర్చో వచ్చి బిల్లు 40,000 అయిందనుకుందాం. బిల్లు 1వ తేదీన వచ్చింది, గడువు 21. చేతిలో అంత లేదు. బిల్లు మీద "మినిమం డ్యూ 2,000", అంటే ఈ నెలకు కనీసం కట్టాల్సింది, అని కనిపించింది, అది కట్టారు. ఆలస్య రుసుము పడదు, మన అప్పుల చరిత్ర నమోదుచేసే సిబిల్‌లో కూడా బాకీ ఎగ్గొట్టినట్టు రాదు, ఏ ఇబ్బందీ లేదనిపిస్తుంది. కానీ మిగిలిన 38,000 మీదే, అదీ 21 నుంచే వడ్డీ అనుకుంటారు చాలామంది. అలా కాదు. వస్తువు కొన్న రోజు నుంచి మొత్తం 40,000 మీద వడ్డీ మొదలవుతుంది. బిల్లుకు సగటున 15 రోజుల ముందు కొన్నారనుకుంటే గడువు దాకా 35 రోజులు. ఆ తర్వాత వచ్చే బిల్లు దాకా 38,000 మీద మరో 10 రోజులు. ఇంకో సంగతి, పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. ఆ నెల మీరు మామూలుగా కొనే 12,000 మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. ఏడాదికి 42 శాతం లెక్కన ఇవన్నీ కలిపి, జీఎస్టీతో సహా 2,660 దాకా అవుతుంది. రెండో బిల్లు గడువు రోజున మొత్తం కట్టేసినా, ఆ 20 రోజులకు మరో 1,350 పైన పడుతుంది. మొత్తం దాదాపు 4,000. ఏడాదంతా జాగ్రత్తగా పోగేసిన 2,300 పోయి, ఇంకో 1,700 చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. మినిమం డ్యూ కట్టింది ఒక్క నెల మాత్రమే.

అందుకే కార్డు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని ఆటోపే, అంటే గడువుకు బిల్లు డబ్బు ఖాతా నుంచి తనంతట తనే వెళ్లే ఏర్పాటు. అందులో రెండు ఎంపికలుంటాయి. టోటల్ అమౌంట్ డ్యూ ఎంచుకోండి, మినిమం కాదు. జీతం పడిన వారంలో గడువు వచ్చేలా బిల్లింగ్ సైకిల్ మార్చుకోండి. ఆ మార్పు చేసుకునే హక్కును రిజర్వు బ్యాంకు 2022లోనే కార్డుల మార్గదర్శకాల్లో ఇచ్చింది. ఏదైనా నెల మొత్తం కట్టలేమని ముందే తెలిస్తే, మినిమం కట్టి ఊరుకోకుండా బంగారం మీద అప్పు తీసుకోండి, లేదా పర్సనల్ లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చండి. ఆ వడ్డీ సాధారణంగా ఇందులో సగం కూడా ఉండదు. కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం ఎప్పుడూ తీయకండి. సుమారు 2.5 శాతం రుసుము, మొదటి రోజు నుంచే వడ్డీ. వడ్డీ లేదంటూ ఇచ్చే వాయిదాల్లో, అదే నో కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఉంటాయి, పాయింట్లు సాధారణంగా రావు.

మీ బావగారి సంగతికి వస్తే, ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. అమెరికాలో క్రెడిట్ కార్డు మీద దుకాణాలు చెల్లించే రుసుముకు చట్టపరమైన పరిమితి లేదు. 2010 చట్టంలో అలాంటి పరిమితి పెట్టిన డర్బిన్ సవరణ డెబిట్ కార్డులకే వర్తిస్తుంది. బ్యాంకుల మధ్య పోటీ ఎక్కువ. అందుకే మూడు నెలల్లో కొన్ని వేల డాలర్లు ఖర్చుపెడితే 60,000 పాయింట్ల లాంటి ప్రవేశ బోనస్‌లు అక్కడ మామూలు. అద్దె తప్ప దాదాపు అన్నీ కార్డు మీదే నడిచే దేశం, ఖర్చులూ డాలర్లలో. యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లను అడగండి, అక్కడ కార్డు పాయింట్ల ముచ్చటే పెద్దగా వినపడదు. 2015లో యూరోపియన్ యూనియన్ క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్‌ను, అంటే కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్లే వాటాను, 0.3 శాతానికి పరిమితం చేసింది, బ్యాంకుల దగ్గర పంచడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆస్ట్రేలియాలో 2003లో తగ్గించినప్పుడు కూడా రివార్డులు పలచబడ్డాయి. మన దగ్గర పరిస్థితి అమెరికాకూ యూరప్‌కూ మధ్యలో ఉంది.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. దుకాణాలు ఎండీఆర్‌ను ధరల్లో కలుపుకుంటాయి. నగదు ఇచ్చే మనిషి కూడా అదే ధర కడతాడు, అతనికి రివార్డు రాదు. అమెరికా కేంద్ర బ్యాంకు శాఖల్లో ఒకటైన బోస్టన్ ఫెడరల్ రిజర్వు ఆర్థికవేత్తలు 2010లో దీన్ని అమెరికాకు లెక్కగట్టారు. నగదు వాడే కుటుంబం నుంచి ఏడాదికి సగటున 149 డాలర్లు కార్డు వాడేవాళ్ల వైపు వెళ్తున్నాయని తేల్చారు. దీనికి తోడు మినిమం డ్యూ కట్టుకుంటూ 42 శాతం వడ్డీ మోసేవాళ్లుంటారు. మీకు నెలకు వచ్చే 220 రూపాయల క్యాష్‌బ్యాక్‌లో వాళ్ల వాటా కూడా ఉంది. అందుకని కార్డు మానెయ్యమని నేను అనను. మీరొక్కరు మానేస్తే ఆ ధర తగ్గదు. కానీ నెలాఖరుకు డబ్బు సరిపోని మీ తమ్ముడికో, కొత్తగా ఉద్యోగంలో చేరిన స్నేహితుడికో "ఊరికే వస్తాయి, తీసుకో" అని మాత్రం చెప్పకండి. రెఫరల్‌కు వచ్చే వెయ్యి రూపాయల వోచర్ కోసం అయితే అసలే చెప్పకండి.

రివార్డులు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని కూడా లెక్క వేసుకోకండి. యాక్సిస్ మాగ్నస్ కార్డు నెలకు లక్ష ఖర్చుపెడితే 25,000 పాయింట్లు అదనంగా ఇచ్చేది. దాని కోసమే ఆ కార్డు తీసుకున్నవాళ్లు చాలామంది. 2023 సెప్టెంబరు నుంచి ఆ బోనస్ ఆగిపోయింది, ఏడాది ఫీజు 10,000 నుంచి 12,500 అయింది. ఎయిర్‌పోర్టు లాంజ్‌లకు కూడా అదే కాలంలో చాలా బ్యాంకులు "ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలి" అని షరతు పెట్టాయి. పాయింట్లను ఎప్పటికప్పుడు వాడేసుకోవాలి, దాచుకుంటే విలువ పెరగదు.

మీలాంటి వాళ్లకు కార్డు వల్ల పెద్ద లాభం పండగ సేల్స్‌లో ఉంటుంది. దసరా, దీపావళి సమయంలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఫలానా బ్యాంకు కార్డుకు 10 శాతం తక్షణ తగ్గింపు, 1,500 దాకా, ఇలా ఇస్తాయి. ఎప్పటి నుంచో కొనాలనుకుంటున్న వాషింగ్ మెషిన్ అప్పుడు కొంటే, ఏడాది క్యాష్‌బ్యాక్‌లో సగం పైన ఒక్కరోజులో వస్తుంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకుంటే కిరాణా కొట్టు క్యూఆర్ మీద కూడా క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డులున్నాయి, 2022 నుంచి ఈ వీలుంది. మీకు పనికొస్తుంది. కాకపోతే టీ, టిఫిన్ దాకా అప్పు మీద నడుస్తుంది. ఖాతాలో డబ్బు తగ్గడం కనపడదు కాబట్టి వారానికోసారి యాప్‌లో మొత్తం చూసుకోండి.

నాలుగు కార్డుల ఆలోచన వద్దు. అప్లై చేసిన ప్రతిసారీ సిబిల్‌లో ఎంక్వైరీ నమోదవుతుంది, రేపు ఇంటి లోన్‌కు వెళ్తే బ్యాంకు అడుగుతుంది. స్నేహితుల కొనుగోళ్లు మీ కార్డు మీద చేసి పాయింట్లు పెంచుకునే పద్ధతి కూడా వద్దు. ఏడాదిలో కార్డు బిల్లుల చెల్లింపు 10 లక్షలు దాటితే బ్యాంకు ఆదాయపన్ను శాఖకు తెలియజేస్తుంది. మీ జీతానికి, ఆ అంకెకు పొంతన కుదరకపోతే వివరణ ఇచ్చుకోవాల్సింది మీరే.

"మీ 8,950 రివార్డు పాయింట్లు ఈ రోజుతో ముగుస్తున్నాయి" అంటూ లింకుతో మెసేజ్ వస్తే తెరవకండి, ఏపీకే ఫైల్ (నేరుగా ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించేది) అసలు ఇన్‌స్టాల్ చేయకండి. పాయింట్ల పేరుతో జరిగే ఈ మోసంలో ఓటీపీ మన చేతులతోనే ఇప్పిస్తారు, అలా పోయిన సొమ్ముకు బ్యాంకు సాధారణంగా బాధ్యత తీసుకోదు. పొరపాటున ఇచ్చేస్తే ముందు కార్డు బ్లాక్ చేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ ప్రీమియం కార్డు. 2,999 ఫీజుకు జీఎస్టీ కలిపితే 3,539. మీ 12,000 ఖర్చు మీద ఏడాదికి దీనికి మించి రివార్డు రావడం కష్టం, మీరు విమానం ఎక్కేది ఏడాదికి ఒకటి రెండుసార్లే అన్నారు కాబట్టి లాంజ్ కూడా లెక్కకు రాదు. తీసేయండి. ఫీజు పడే తేదీకి ముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఫీజు లేని కార్డుగా మారుస్తారా అని ఒకసారి అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. లేదంటే ఉన్న పాయింట్లు వాడేసి, కార్డు మీదున్న ఆటోపేలు, సబ్‌స్క్రిప్షన్లు వేరే దానికి మార్చి, బాకీ సున్నా చేసి, ఈమెయిల్ ద్వారా మూసివేత అభ్యర్థన పంపండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగా ఉండాలి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూసెయ్యాలని రిజర్వు బ్యాంకు నియమం. అది దాటితే, మూసేదాకా రోజుకు 500 చొప్పున మీకు చెల్లించాలి. మూసినట్టు వచ్చిన మెసేజ్ దాచుకుని, రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా "క్లోజ్డ్" అని ఉందో లేదో చూసుకోండి.